పదకొండేండ్ల పని

సోమవారం పొద్దున పదిన్నరకు సోమశేఖర్ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌ను సగంల ఇడిసిపెట్టి, సైకిలు మీద కరీంనగర్ రోడ్డుకు వచ్చిండు. దామోదర్ మోటర్ వైండింగ్ షాపు ముందట సైకిలు ఆపి, కౌంటర్ కాడ కూసున్న దామోదర్‌కు నమస్తె పెట్టి, పక్క సందుల నుంచి ఎనుక అర్రలకు పోయిండు. అతని భార్య జ్ఞానేశ్వరి ఆ అర్రలనే పనిచేస్తది.

ఆమె అప్పుడు ఒక బాయి మోటరుకు కాయిళ్ళు ఎక్కిస్తున్నది. ఇనుప పెంకు లోపల చుట్టూ ముప్పై ఆరు గాడులు. ఒక్కో గాడిల మందపు కాయితం పరిచి, రాగితీగల కట్టను వేళ్ళతోటి పలుచగ పరుచుకోని, నాలుగైదు పోగుల చొప్పున లోపలికి జార్చి, వెదురుబద్దతోటి మెల్లగ అదుముతున్నది. తీగ మీది పూత యాడ గీరుకుపోయినా మోటరు పదిరోజులు నడువది. అందుకని ఆ గాడి నిండి, మీద వెదురు చీలిక దిగేదాక ఆమె తల ఎత్తలె. సోమశేఖర్‌కు ఆ సంగతి ఎరుకే. చేతుల ఉన్న కవరును జేబుల పెట్టుకోని నిలబడ్డడు.

"వచ్చిందా?" అన్నది చివరికి, చేతులు గుడ్డకు తుడుసుకుంట.

"వచ్చింది."

"ఏమన్నరు? చదువున్రి."

ఉత్తరం ఆస్ట్రేలియా నుంచి. పనిమంతుల పనితనం తేల్చే ఆఫీసుల నుంచి వచ్చింది. ఆఫీసు ఇంగ్లీషు ఆమెకు సగమే ఎక్కుతది, అందుకని సోమశేఖర్ ఒక్కో లైను చదివి తెలుగుల చెప్పిండు. వయసుకు వచ్చే మార్కులు వచ్చినయి. ఇంగ్లీషుకు వచ్చినయి. ఐటీఐల వైండర్ ట్రేడు పాసైన సర్టిఫికెట్ సరైందే. కాని యజమాని ఇచ్చిన పత్రంల "వైండింగ్ షాపుల హెల్పరుగ పదకొండేండ్ల నుంచి పనిచేస్తున్నది" అని ఉన్నది. హెల్పరు పని చేసిన అనుభవాన్ని చేతిపని కింద లెక్కగట్టరు. ఆమె నిజంగ మోటర్లు చుట్టినట్టయితె, ఏమేం పనులు చేసింది, ఎంత కాలం చేసింది వివరంగ చెప్పే పత్రం యజమాని చేతితోటి కొత్తగ రావాలె. అందుల ఏమేం ఉండాల్నో అడిగే ఫారం ఉత్తరంతోనే పెట్టిన్రు. పత్రం నెలాఖరుకల్ల అందాలె. అందకపోతె ఉన్న కాయితాల మీదనే నిర్ణయం జేస్తరు.

ఉన్న కాయితాల మీద నిర్ణయమంటె ఏందో ఇద్దరికీ తెలుసు. దరఖాస్తు జ్ఞానేశ్వరి పేరు మీద ఉన్నది. భర్త పేరు, నాలుగో తరగతి చదివే బిడ్డ పేరు ఆమె పేరు కింద ఉన్నయి. ఆమె చేతిపనికి మార్కులు పడితెనే ముగ్గురికి ఆ దేశంల స్థిరంగ ఉండే హక్కు వస్తది. పడకపోతె మిగిలిన మార్కులన్నీ కలిపినా చాలయి.

"హెల్పరు అన్న మాట నేను అప్పుడే పట్టుకోవాల్సింది," అన్నడు సోమశేఖర్. "టైపు జేసేటప్పుడు చూసిన. షాపు కాయితం మీద సంతకం ఉంటె చాలనుకున్న."

ఆమె ఉత్తరం తీసుకోని, ఇంగ్లీషుల ఉన్న ఆ మాటను ఏలుతోటి ఎతికి పట్టుకోని, కొంతసేపు దాని దిక్కే చూసింది. తరువాత ఫారంతోటి కలిపి మడతపెట్టి టిఫిన్ సంచిల పెట్టి, ఇంకో కాయిలు చేతుల పట్టుకున్నది.

పోస్టుల పోనీకె పన్నెండు, పదమూడు రోజులు పడుతది. అంటె శనివారంకల్ల రిజిస్టర్ చేసి పంపాలె. ఆమె చేతుల ఐదు రోజులున్నయి.

అన్నం యాళ్ళకు గిరాకీ తగ్గినంక ఆమె కౌంటర్ కాడికి పోయింది. దామోదర్‌కు యాభై దాటినయి. సిద్దిపేట చుట్టుపక్కల ఊర్లల్ల మోటరు కాలితె, దామోదర్ చెయ్యి పడితెనే మోటరు నిలుస్తదని రైతులు ముప్పై, నలభై కిలోమీటర్ల నుంచి బండ్ల మీద ఏసుకోని వస్తరు. ఆ పేరు ఉత్తగ రాలె. పదిహేనేండ్లు కూసోని చుట్టి చుట్టి తెచ్చుకున్న పేరు. జ్ఞానేశ్వరిని పనిల పెట్టుకున్నది గూడ ఆయనే, ఐటీఐ పాసైన ఆడపిల్లకు ఎవ్వరూ పని ఇయ్యని కాలంల. ఆ మంచితనం ఆమె ఎన్నడూ మరువలె. పిలిచేది చెల్లె అనే. పండుగకు చీరె పెట్టేటోడు. ఇంటి మనిషికి రిజిస్టర్ ఎందుకని రిజిస్టర్ల పేరు మాత్రం ఎక్కియ్యలె.

ఆమె ఉత్తరం ముచ్చట చెప్పింది. కొత్త పత్రంల ఏం రాయాల్నో చెప్పింది. ఆయన అంతా ఇన్నడు. పాన్‌డబ్బ మూత తీసి మల్ల పెట్టిండు.

"హెల్పరంటె తప్పేమున్నది చెల్లె. సారయ్య గూడ హెల్పరే."

"సారయ్య తాత బేరింగులు ఇప్పుతడు, మోటర్లు చెక్ చేస్తడు. చుట్టేది నేను."

"అది నాకు ఎరుక లేదా."

"ఎరుకున్నదే రాయమంటున్న అన్నా. లేనిది రాయమంటలేను."

దామోదర్ రోడ్డు దిక్కు ఒకసారి చూసిండు. తరువాత గొంతు తగ్గించి కరెంటాఫీసు ముచ్చట ఎత్తిండు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్లకు కాయిళ్ళు చుట్టే కాంట్రాక్టు మూడేండ్ల నుంచి ఆయనకే వస్తున్నది. దానికి పెట్టిన కాయితాలల్ల, చుట్టే పనంతా స్వయంగ తనే చేస్తనని రాసి ఇచ్చిండు.

"ఆ కాయితం మీద సంతకం నాది. నువ్వు అడిగే కాయితం మీద సంతకం గూడ నాదే. రెండూ ఎవని చేతిలన్న పక్కపక్కన పడితె నా గతేంది? నువ్వే చెప్పు."

ఆయన చెప్పింది అబద్ధం గాదు. ఆమె చుట్టిన మోటర్లన్నిటికీ కట్టే అట్టముక్క మీద 'దా' అని ఆయన పేరులోని మొదటి అక్షరమే పడేది. కరెంటాఫీసు కాయితం గూడ అదే అక్షరంతోటి రాసిందే. ఇన్నేండ్లు తను ఎందుకు అడగలేదన్నది ఆమెకు అప్పుడే మొదటిసారి తట్టింది. అడగాల్సిన పని పడలె. పని దొరికింది, పని నేర్పిండ్రు, అదే చాలనుకున్నది.

"మంచిది అన్నా," అని లోపలికి పోయింది. కాని ఆ 'మంచిది'ల ఒప్పుకోలు లేదు. దామోదర్‌కు గూడ ఆ మాట తేడగ ఇనబడ్డదో ఏమో, ఆమె పోయిన దిక్కు రెండుసార్లు తిరిగి చూసిండు.

సాయంత్రం ఇంటికాడ సోమశేఖర్ ఇంకో తొవ్వ చెప్పిండు. సికింద్రాబాద్‌ల ఒక ఏజెంటున్నడు. ఏదో ఒక కంపెనీ పేరు మీద, సీనియర్ వైండర్ అని, కావల్సినన్ని ఏండ్లకు పత్రం ఇప్పిస్తడు. ఫోను చేసి అడిగితె ఔనని చెప్పేటోన్ని గూడ అతనే పెడతడు. ఇన్‌స్టిట్యూట్‌ల టైపు నేర్చుకున్నోళ్ళు ఇద్దరు అట్లనే గల్ఫుకు పోయిన్రు.

జ్ఞానేశ్వరి బియ్యం ఏరుతున్నది. చేట ఆపలె.

"ఆ కంపెనీల నేను పదకొండేండ్లు పనిచేసిన్నని రాస్తరు. అంతేనా?"

"అంతే."

"మరి ఈ పదకొండేండ్లు నేను యాడున్న?"

సోమశేఖర్ చేతిల ఉన్న ఏజెంటు పేరు ముక్కను మడిచిండు.

"దొంగ పత్రం పెట్టేటిది పని రానోళ్ళు. నాకు పని వస్తది. వచ్చిన పని చెప్పుకోనీకె దొంగ పత్రం పెట్టాల్నా? గట్ల పోయేదుంటె నేను పోను. మీరు పోతరా?"

అతను పోనన్నడు. అంత గట్టిగ అడిగేసరికి అతనికి సిగ్గనిపించింది. ఒకందుకు బరువు దిగినట్టు గూడ అయింది. ఆ ఏజెంటు పేరు రాసిన ముక్క చింపి పొయ్యిల ఏసిండు. మరి ఏం జేద్దామని అడిగిండు. ఆమె రేపు చెప్తనన్నది. రేపు గూడ చెప్పలె. మంగళవారం పొద్దంతా రోజూ పోయినట్టే పోయి, రోజూ చేసినట్టే రెండు మోటర్లు చుట్టి వచ్చింది. కాని ఆ దినం ఆమె ఒకటి గమనించింది. షాపుకు వచ్చినోళ్ళల్ల ఒక్కరు గూడ ఎనుక అర్ర దిక్కు చూడలె. చూడాల్సిన అక్కెర వాళ్ళకు లేదు. చుట్టేది దామోదర్ అని వాళ్ళకు ఎరుక. కౌంటర్ కాడ దామోదర్ కూసోని ఉంటడు. మోటరు తయారై ముందటికి వస్తది. నడుమ ఒక గోడ ఉన్నది.

బుధవారం ఎనిమిది గంటలకే ఆమె షాపుకు వచ్చింది. సారయ్య అప్పుడే షట్టరు ఎత్తి ఊడుస్తున్నడు. అరవై ఏండ్ల ముసలాయన, మాట తక్కువ మనిషి.

"తాతా, ఈ బల్ల ఆ కొన పట్టు."

"ఏడికి?"

"ముందటికి."

"సేటుకు చెప్పినవా బిడ్డా?"

"వచ్చినంక చెప్త."

సారయ్య చీపురు గోడకు ఆనిచ్చి బల్ల కొన పట్టిండు. నాలుగడుగుల టేకు బల్ల, ఒక్కరితోటి లేసేది గాదు. సందులనుంచి అడ్డం తిప్పి, నిలువు తిప్పి, షాపు ముందటి వసారలకు తెచ్చిన్రు. ఆమె తీగచుట్టలు, కాయితం కత్తెర, వెదురుబద్దలు, దారం కండె అన్నీ తెచ్చుకోని, రోడ్డుకు మొకం పెట్టి కూసున్నది. పక్కన కాలిన మోటర్లు పద్నాలుగు వరుసగ పెట్టి ఉన్నయి. యాసంగి వరి పొట్టకొచ్చిన రోజులు. కరెంటు సన్నగ వస్తుంటది, మోటర్లు దినానికి నాలుగైదు కాలుతుంటయి.

మొదటి గంట చేతులు మాట ఇనలె. తీగ లెక్క రెండుసార్లు తప్పింది. బస్సు హారన్ కొట్టినప్పుడల్ల తల లేసేది. చాయ్ హోటల్ ముందట నిలబడ్డోళ్ళు ఇటే చూసిన్రు. ఒకామె నెత్తిన గంప పెట్టుకోని పోతూ ఆగి, కాసేపు చూసి, నవ్వి పోయింది. తరువాత ఎప్పుడో ఎండ బల్ల మీదికి వచ్చింది. ఆ వెలుతురుల రాగితీగ మీది పూత ఏ ఒక్క గీత ఉన్నా కండ్లకు కనబడుతున్నది. ఎనుక అర్రల బల్బు కింద ఇన్నేండ్లు వేళ్ళతోటి తడిమి పట్టుకున్నదాన్ని ఇప్పుడు చూసి పట్టుకుంటున్నది. అక్కడి నుంచి లెక్క తప్పలె.

దామోదర్ తొమ్మిదిన్నరకు వచ్చిండు. స్కూటర్ ఆపినోడు దిగకుండ అట్లనే కూసున్నడు. వసారల అప్పటికే నలుగురు రైతులున్నరు. ఆయన దగ్గరికి వచ్చి, వంగి, మెల్లగ అన్నడు:

"లోపలికి పో చెల్లె."

"లోపల ఎలుతురు లేదన్నా. కండ్లు గుంజుతున్నయి. ఈడ మంచిగున్నది."

ఆయన నలుగురి ముందట ఆడమనిషి మీద గొంతు లేపే మనిషి కాదు. కౌంటర్ కాడికి పోయి కూసున్నడు. గంట తరువాత పిలిచిండు. ఆమె చేతుల ఉన్న కాయిలు ముగించుకోని పోయింది. నన్ను బజార్ల పెట్టాలని చూస్తున్నవా అని అడిగిండు. లేదన్నది. పనిలనుంచి తీసేస్తె ఏం జేస్తవన్నడు.

"నువ్వు పొమ్మంటె పోత. పొమ్మనేదాక నా పని నేను ఈడనే కూసోని చేస్త."

దామోదర్ బయట వరుసగ ఉన్న పద్నాలుగు మోటర్ల దిక్కు చూసిండు. పొమ్మనలె.

మధ్యాహ్నం అక్కన్నపేట నుంచి వెంకటనర్సయ్య వచ్చిండు. నాలుగు బాయిలు, పదెకరాల వరి ఉన్న మనిషి. పద్దెనిమిదేండ్ల నుంచి ఈ షాపు తప్ప ఇంకో షాపు గడప తొక్కలె. ట్రాలీల నుంచి మోటరు దింపిచ్చి, వసారలకు రాంగనే ఆగిపోయిండు.

"దామోదరా, ఈమె ఎవరు? మోటరు ఈమె చుడుతదా?"

సారయ్య స్పానర్ చేతుల పట్టుకోని అట్లనే నిలబడ్డడు. దామోదర్ జవాబు చెప్తడని జ్ఞానేశ్వరి చూసింది. ఆయన పాన్‌డబ్బ దిక్కు చూసిండు.

"నీ చెయ్యి అని గంత దూరం నుంచి వస్తున్న. నా పొలం పొట్ట మీదున్నది. ఆడామెతోటి ఆటలాడనీకె నా తోటి గాదు," అని వెంకటనర్సయ్య మోటరును మల్ల ట్రాలీల ఎక్కించుకోని, బస్టాండు దిక్కున్న ఇంకో షాపుకు పోయిండు. ఆయనను చూసి ఇంకిద్దరు గూడ రేపొస్తమని మోటర్లు తీసుకపోయిన్రు.

సాయంత్రం షట్టరు గుంజేటప్పుడు దామోదర్ కోపంగ గూడ అనలె. "చూసినవు గద," అన్నడు, అంతే.

ఆ పూట ఇంటికి నడిచి పోయేటప్పుడు ఆమె పోయిన గిరాకీలనే లెక్కబెట్టుకున్నది. ముగ్గురు గిరాకీలు పోయిన్రు. అన్నం పెట్టిన షాపు. ఆ మనిషి తనకు పని ఇచ్చినప్పుడు ఊరంతా నవ్వింది, ఆయన నవ్వలె. తను చేస్తున్నది ఆ మంచితనానికి తగిన పనేనా అని ఆమెకు అనుమానం వచ్చింది. బల్లను పొద్దున్నే లోపల పెట్టేస్త అనుకున్నది. సోమశేఖర్‌కు అదే చెప్పింది. అప్పుడు వాళ్ళ బిడ్డ హోంవర్క్ పుస్తకంల తల్లి చేసే పని అని ఉన్న చోట ఏం రాయాలె అని అడిగింది. జ్ఞానేశ్వరి నోరు తెరిచి, ఒక క్షణం ఆగింది. ఆ ఆగుడు ఆమెకే నచ్చలె.

"వైండర్ అని రాయి," అన్నది.

గురువారం పొద్దున సారయ్య అడగకుండనే బల్ల కొన పట్టిండు.

పది గంటలకు వెంకటనర్సయ్య ట్రాలీ మల్ల వచ్చింది. బస్టాండు కాడి షాపుల నాలుగు దినాలు పడుతదన్నరట. ఇంకో షాపుల ఆదివారం అన్నరట. నీళ్ళు పారక రెండు దినాలైంది, ఇంకో రెండు దినాలు ఆగితె గింజ తాలు పోతది. ఆయన బల్ల దిక్కు చూడకుండ దామోదర్ ముందటికి పోయిండు.

"నువ్వు కూసోని చుట్టు. నేను ఈడ బెంచీ మీద కూసుంట. నా ముందట చుట్టు. ఎంతసేపైనా సరే."

దామోదర్ ఏదో చెప్పబోయిండు. తల నొప్పి అన్నడు, మాపటికి చూస్త అన్నడు. వెంకటనర్సయ్య బెంచీ మీద కూసోనే కూసున్నడు. వసారల అప్పటికి ఆరుగురున్నరు. దామోదర్ కౌంటర్ కాడి నుంచి లేసి, అంగి చేతులు మడిచి, బల్ల కాడికి వచ్చిండు. సారయ్య మోటరు ఇప్పినంక జ్ఞానేశ్వరి కాలిన కాయిళ్ళు గుంజి పక్కకు పెట్టి, లేసి జాగ ఇచ్చింది.

ఆయన కూసున్న తీరు చూడంగనే పాత పనిమంతుడని తెలుస్తది. పెంకును ఒక్క చేతితోటి తనకు కావల్సినట్టు తిప్పుకున్నడు. గాడులల్ల కాయితం ఆయన మడిచినట్టు ఇప్పటికీ ఎవ్వరూ మడువరు. మొదటి కాయిలు చేతిలకు తీసుకున్నడు. పోగులు పలుచగ చేయబోయిండు. వేళ్ళ కింద తీగలు ఒకదాని మీద ఒకటి ఎక్కినయి. మల్ల చేసిండు. ఎన్ని పోగులు పట్టుకున్నడో ఆయన వేళ్ళకు తెలుస్తలేదు, వంగి కండ్లతోటి చూసి లెక్కబెట్టుకుంటున్నడు. ఎట్లనో ఒక గాడి నింపిండు. రెండోది నింపిండు. అరగంట పట్టింది. సారయ్యను పిలిచి చూడమన్నడు.

సారయ్య బల్బు తీగ ఒక కొన కాయిలుకు, ఇంకో కొన ఇనుప పెంకుకు ఆనిచ్చిండు. బల్బు ఎలగొద్దు. ఎలిగింది. లోపల పూత గీరుకుపోయి రాగి ఇనుముకు తాకుతున్నది.

దామోదర్ ఆ కాయిలు గుంజేసి, కొత్తది తీసుకోని మల్ల మొదలుపెట్టిండు. నుదుటి చెమట బల్ల మీద పడింది. జ్ఞానేశ్వరి పక్కన నిలబడి చూస్తున్నది. ఇట్లాంటిది చూస్తె లోపల సంబరమైతదని ఎన్నడన్న అనుకున్నదో లేదో గని, ఇప్పుడు మాత్రం ఆ వేళ్ళు సరిగ పడాలని ఆమె పండ్లు బిగబట్టి నిలబడ్డది. ఒక పోగు గాడి అంచుకు ఒరుసుకుంటున్నది ఆమెకు కనబడ్డది. చెప్పాల్నా వద్దా అనుకునేలోపల అది పోయింది. సారయ్య బల్బు మల్ల ఎలిగింది.

మూడో కాయిలు చేతిలకు తీసుకోని దామోదర్ అట్లనే ఆగిండు. వేళ్ళను ఒకదానికొకటి రాసుకోని చూసుకున్నడు. కాయిలు బల్ల మీద పెట్టి లేసిండు.

"చెల్లె, నువ్వు కూసో," అన్నడు. తరువాత వెంకటనర్సయ్య దిక్కు తిరిగిండు. "పటేలా, నేను మోటరు చుట్టక ఆరేండ్లాయె. షుగరొచ్చినంక ఏళ్ళకు స్పర్శ పోయింది. ఈ ఆరేండ్లు నీకు ఇచ్చిన మోటర్లన్నీ ఈమెనే చుట్టింది."

వసారల ఉన్నోళ్ళంతా ఆమె దిక్కు చూసిన్రు. వెంకటనర్సయ్య తువ్వాలతోటి మొకం తుడుసుకున్నడు. తరువాత అడిగిండు:

"మూడేండ్ల కింద చుట్టిచ్చిన పెద్దబాయి మోటరు?"

"నేనే చుట్టిన," అన్నది జ్ఞానేశ్వరి, కూసోని పెంకు దగ్గరికి గుంజుకుంట. "ఇప్పుడు తెచ్చింది గూడ అదే. తీసిన కాయిళ్ళు చూడున్రి, మూడు ఫేజులల్ల రెండే కాలినయి. లైన్ల ఒక ఫేజు కరెంటు పోయినా మోటరు నడిచింది. మీ స్టార్టర్ డబ్బల ఫ్యూజు తీసి లావు తీగ కట్టిన్రా?"

పక్కనున్న మనిషి నవ్వు ఆపుకున్నడు.

"కట్టిన," అన్నడు వెంకటనర్సయ్య.

"ఈసారి కట్టకున్రి."

ఆమె పన్నెండుకు మొదలుపెట్టింది. ఆయన బెంచీ మీది నుంచి లేవలె. అన్నం సద్ది గూడ ఆడనే ఇప్పుకోని తిన్నడు. గాడి తరువాత గాడి నిండుతుంటె మొదట అనుమానంగ, తరువాత లెక్కబెట్టుకుంట, ఆఖరుకు ఊరికెనే చూసుకుంట కూసున్నడు. ప్రతి వరుసకు సారయ్య బల్బు ఆనిచ్చి చూసిండు. ఒక్కసారి గూడ ఎలగలె. పొద్దుగూకేసరికి దారంతోటి కాయిళ్ళను కుట్టు కుట్టినట్టు బిగించి కట్టి, వార్నీషుల ముంచి, ఆరనీకె హీటరు పెట్టె లోపల పెట్టింది. రేపు తొమ్మిదికి రమ్మన్నది. ఆయన ఆమెకే తల ఊపి, ఈ ఊర్లనే చుట్టాలింట్ల పండుకుంటనని చెప్పి పోయిండు.

శుక్రవారం దామోదర్ అందరికంటె ముందే వచ్చిండు. ఆమె వచ్చేసరికి బల్ల ముందటనే ఉన్నది. దానికి ఎదురుగ ఇంకో కుర్చీ ఏసుకోని ఆయన కూసోని ఉన్నడు. చేతుల షాపు పేరు అచ్చేసిన కాయితాలు.

"ఆ ఫారం తెచ్చినవా?" అని అడిగిండు.

సోమవారం నుంచి ఆమె టిఫిన్ సంచిలనే ఉన్నది. తీసి ఇచ్చింది. ఆయన దాన్ని అటు ఇటు తిప్పి, బల్ల మీద పెట్టిండు.

"నీకు కాంట్రాక్టు ముచ్చట చెప్పిన. అది నిజమే. కరెంటాఫీసుకు నేనే పోయి, చుట్టేది ఫలానా ఆమె అని రాసిస్త. ఉంచితె ఉంచుతరు, తీసేస్తె తీసేస్తరు. కాని నాకు భయం దానికి గాదు చెల్లె." చేతిల కాయితాలు సర్దిండు. "నువ్వు పోతె ఈ షాపుల మోటరు చుట్టేటోళ్ళు లేరు. ఆ సంగతి నాకు తప్ప ఎవ్వరికీ ఎరుక లేకుండె. పత్రం రాసిస్తె నేనే నిన్ను సాగనంపినట్టు."

జ్ఞానేశ్వరికి ఈ మాట ఇనంగనే కోపం రావాలె. రాలె. ఈ నాలుగు దినాలు తను గోడతోటి కొట్లాడుతున్నననుకున్నది. గోడకు అవతల ఒక మనిషి బుగులుతోటి కూసున్నడు.

"వీసా రానీకె ఏడాదన్న పడుతదన్నా. ఈలోపల ఎవరినన్న పెట్టు. నేను నేర్పుత. నాకు వచ్చిందంతా నేర్పుత."

"మా ఇంటి పక్క ప్రమీల లేదా, ఆమె చెల్లె బాలమణి ఉన్నది. పదో తరగతి దాక చదివింది. ఖాళీగనే ఉన్నది."

"తీసుకరా. కాని ఒకటి. ఆమెను మొదటిరోజు నుంచే ఈడ కూసోబెట్టాలె. ఈ బల్ల మీద, రోడ్డుకు మొకం పెట్టి. లోపలి అర్రల నేర్పను."

దామోదర్ తల ఊపిండు. కలం తీసిండు. ఇంగ్లీషు తనకు రాదు, తెలుగుల రాస్తనన్నడు. సోమశేఖర్ ఇంగ్లీషుల టైపు చేస్తె, కోర్టు కాడ వకీలు రెండూ ఒకటేనని సంతకం పెట్టేటట్టు మాట్లాడుకున్నరు.

మొదలు పెట్టేసరికి ఇంకో సంగతి బయటపడ్డది. చేసిన పనులు ఒకటి తరువాత ఒకటి రాయాలె. దామోదర్ రెండు పనులు రాసి ఆగిండు. ఆయన చుట్టుడు మానేసినంక పనిల చాలా మారినయి. కొత్త రకం తీగలొచ్చినయి, ట్రాన్స్‌ఫార్మర్ కాయిళ్ళకు ఆమె సొంతంగ కొలతలు కట్టుకున్నది, కొన్ని మోటర్లకు కంపెనీ లెక్క మార్చి, మన తక్కువ కరెంటుకు నిలిచేటట్టు చుట్టుడు మొదలుపెట్టింది. వాటిల కొన్ని ఆయనకు ఎరుకనే లేదు.

"నువ్వు చెప్పు, నేను రాస్త," అన్నడు.

ఆమె చెప్పింది. కాలిన కాయిళ్ళు తీసుడు, చుట్ల లెక్క తీసుడు, తీగ మందం కొలుసుడు, కాయితం కోసుడు, కాయిళ్ళు చేసుడు, ఎక్కిచ్చుడు, కలుపుడు, కట్టుడు, వార్నీషు, ఆరబెట్టుడు, పరీక్ష. ఒక్కొక్క మాటకు ఆయన "తర్వాత?" అనుకుంట రాసిండు. నడుమ వెంకటనర్సయ్య వచ్చి మోటరు తీసుకున్నడు. ఏం రాస్తున్నరని అడిగి, తెలుసుకోని, మల్ల మా మోటర్లెట్ల అన్నడు. దామోదర్ బాలమణి ముచ్చట చెప్పిండు. వెంకటనర్సయ్య ట్రాలీ ఎక్కేటప్పుడు ఫ్యూజు కొనుక్కునే దుకాణం ఏడున్నదని జ్ఞానేశ్వరినే అడిగి పోయిండు.

ఆ పత్రం శనివారం పొద్దున హెడ్ పోస్టాఫీసుల రిజిస్టర్ అయింది. దాని మీద జవాబు జూలైల వచ్చింది. పనితనాన్ని ఒప్పుకున్నరు, మార్కులు సరిపోయినయి. డాక్టరు పరీక్షలు, పోలీసు కాయితాలు అయ్యేసరికి ఇంకో ఏడాది పట్టి, వీసా కాయితంల ముందు ఆమె పేరు, దాని కింద భర్త పేరు, బిడ్డ పేరు వరుసగ వచ్చినయి. అప్పటికి బాలమణి మూడు గాడులు నింపి బల్బు ఎలగకుండ చూసుకునే దశ దాటి, మోటరు మొత్తం ఒక్కతే చుట్టబట్టింది.

ఆ శుక్రవారం మాత్రం ఇంకా పత్రం ముగియలె. ఫారంల ఆఖరు ప్రశ్న మిగిలింది. ఈ పనులన్నీ ఎవరి పర్యవేక్షణ కింద చేసింది అని అడిగిన్రు. జ్ఞానేశ్వరి దానికి ఏం చెప్పాల్నో తెల్వక, నీ పేరు రాసుకో అన్నా అన్నది. దామోదర్ రాయలె. కలం పట్టుకోని, ఎండ పడ్డ బల్ల దిక్కు, దాని మీద సగం చుట్టిన మోటరు దిక్కు చూసిండు. తరువాత ఎవ్వరు చెప్పకుండనే నాలుగు లైన్లు రాసి, సంతకం పెట్టి, ముద్ర ఏసి, ఆమె ముందటికి జరిపిండు.

ఆమె చదివింది.

"మొదటి ఐదేండ్లు ఈమెకు పని నేను చూపించినాను. ఆ తరువాత ఆరేండ్లు ఈమె ఎవరి పర్యవేక్షణ కిందను పని చేయలేదు. నా పేరున తయారైన మోటర్లన్నియు ఈమె చేతితో తయారైనవే. ఈ షాపు ఈమె పని మీద నడిచినది."

ఆమె ఇంకోసారి చదివింది. కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయని తెలిసి, చీరె కొంగు తీసుకోకుండ, పక్కన పెట్టిన కత్తెరను జరిపి కాయితాన్ని మల్ల ఆయన దిక్కే తిప్పింది. ఆఖరు మాట మీద ఏలు పెట్టింది.

"అన్నా, 'నడిచినది' గాదు. 'నడుస్తున్నది' అని రాయి. నేనింకా పోలేదు."

దామోదర్ కొట్టేసి, దిద్ది, దిద్దిన కాడ ఇంకో సంతకం పెట్టిండు.